ఒకసారి కాచిన వస్తువు

ప్రమాదమున మా మఱఁది తలను గాచిన హెల్మెట్టును తుడిచి, మా కుమారునికై దాఁచితిమి. విమానమునుండి పారాచూటుతో దుముకువారి రక్షణయంత్రమును గూర్చి తెలిసికొన్న పిమ్మట, మా పొదుపునకు మేమే భయపడితిమి.

1991లో జర్మనీనుండి వెలువడిన సైప్రెస్ అట్టి యంత్రము. దుముకినవారు నేలకు సుమారు 225 మీటర్ల యెత్తున నింకను మిక్కిలి వేగముగఁ బడుచున్నచో, అది గాలి యొత్తిడినిబట్టి గ్రహించి, చిన్న కత్తితో త్రాడు కోసి, రెండవ పారాచూటు విచ్చుకొనునట్లు చేయును.

ఆ కత్తి యొక్కమాటే కోయును. పిమ్మట క్రొత్తది వేయవలెను. నేలఁ దాఁకిన దెబ్బకు లోపలి భాగములు చెడినను పైకిఁ గానరాదు. చేసినవారిచేఁ బరీక్షింపింపక దానిని మఱియొకరి వీపునఁ గట్టుట, వారి ప్రాణమును పందెమొడ్డుటయే.

సోదరీమణులారా, ఆ యంత్రమునకుఁ బరీక్షించువారైన గలరు. మా హెల్మెట్టునకు లేరు. కావున దానిని పగులఁగొట్టి పాఱవేసితిమి.