విత్తనం వెంట కథ

జహీరాబాద్ ప్రాంతంలో ఏటా సంక్రాంతి వేళ విత్తనాల ఎడ్లబండ్లు ఊరూరా తిరుగుతాయి. అదే పాత పంటల జాతర. కొర్రలు, సామలు, జొన్నలు బండ్ల మీద ఉంటాయి. వాటి ముచ్చట్లు దళిత మహిళా రైతుల నోట ఉంటాయి. ఏ నేలలో ఏది నిలుస్తుందో, వాన ముఖం చాటేసినా ఏది చేతికొస్తుందో వాళ్లు చెబుతారు. 2008లో మాచనూర్‌లో మొదలైన సంఘం రేడియో ఆ గొంతులను ఇంటింటికీ చేర్చింది. ఈ జాతర జరిపే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాల కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ దక్కింది.

వాతావరణ మార్పు లెక్కలు చదివితే నాకు దిగులేస్తుంది. ఈ అమ్మల మాటల్లో మాత్రం చేయాల్సిన పని కనిపిస్తుంది. విత్తనం దాస్తే సరిపోదు. దాన్ని ఎప్పుడు, దేనితో కలిపి చల్లాలో చెప్పే మనిషీ ఉండాలి. కరువు ప్రణాళికలు రాసేవాళ్లు ముందుగా వీళ్ల దగ్గర కూర్చుని వినాలని నా కోరిక.