హస్తవాసా? కుండీవాసా?

మీ పెరట్లో గోడవారగా, ఒకదాన్లో ఒకటి దూర్చి బోర్లించిన పాతకుండీలు ఎన్ని వున్నాయో ఒక్కసారి చూసి రండి. పెరడు లేనివాళ్ళు డాబామీద నీళ్ళ ట్యాంకు వెనకాల చూడండి. అదీ లేని అపార్టుమెంటు వాళ్ళకైతే బాల్కనీలో, వాషింగ్ మెషీను పక్కన దొరుకుతాయి. చూశారా? ఒకదాన్లో కిందటేటి టమాటా మోడు ఇంకా నిలబడే వుంది. ఇంకోదాని అంచున తెల్లగా ఉప్పు పేరుకుంది. మూడోదాన్ని కదిపితే జెర్రి ఒకటి విసుక్కుంటూ పక్కకి తప్పుకుంది. నారు పోసే ట్రేల సంగతి చెప్పనే అక్కర్లేదు. గుంటగుంటలోనూ వేరుపీచు, నాచు, పెళుసుబారిన మట్టి! తొలకరి జల్లు పడగానే ఆ కుండీల్లోనే, ఆ మట్టిమీదే ఇంకో రెండు దోసిళ్ళు మట్టి పోసి, వంగా మిరపా టమాటా గింజలు చల్లి, ఓ దణ్ణం పెట్టి లోపలికి వచ్చేస్తాం.

తెలుగింటి ఆడదానికి కడగడం ఒకరు నేర్పాలా చెప్పండి? పొద్దున్న లేచింది మొదలు గడప కడుగుతాం, గిన్నెలు కడుగుతాం, బియ్యం కడుగుతాం, కూర కడుగుతాం. ఆవకాయ పెట్టేముందు జాడీని కడిగి, తుడిచి, ఎండబెట్టి, చెమ్మ తగిలిన చెయ్యి ఆ దరిదాపులకి రానివ్వం. తునిలో పుట్టి పెరిగినదాన్ని, మామిడికాయ సంగతి నాకు వేరే చెప్పకండి. జాడీలో ఒక్క నీటిబొట్టు వుంటే ఏడాది పచ్చడి బూజు పడుతుందని మాకు ఉగ్గుపాలతోనే తెలుసు. అదే పూలకుండీ దగ్గరకొచ్చేసరికి మాత్రం, "మట్టి పోసేదానికి మట్టి అంటేనేం?" అంటాం. ఎంత సబబైన మాటలా వినిపిస్తుందో!

మా మామ్మది వేరే శాస్త్రం. ఇత్తడి బిందె తోమితే శుద్ధి, రాగిచెంబు చింతపండు పెడితే శుద్ధి. మట్టికుండ మాత్రం మైలపడితే ఇక దానికి శుద్ధి లేదు, పారెయ్యాల్సిందే. గ్రహణం విడిచాక పాతకుండలు పారేసి కొత్తవి దింపుకునే ఇళ్ళు నా చిన్నప్పుడు ఇంకా వుండేవి. నవ్వుకునేదాన్ని గాని, ఇప్పుడు ఆలోచిస్తే అందులో ఒక కిటుకు కనిపిస్తుంది. లోహం నున్నగా వుంటుంది, అంటినది పైపైనే వుంటుంది. కాల్చిన మట్టి గుల్లగా వుంటుంది, పీల్చుకున్నది లోపల దాచుకుంటుంది. అయితే ఆ శాస్త్రం వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయింది, పెరట్లోకి రాలేదు.

పెరట్లో ఏం జరుగుతుందో మీకు అనుభవమే. గింజలు మొలుస్తాయి. రెండేసి ఆకులతో చేతులు జోడించినట్టు ముద్దుగా నిలబడతాయి. సాయంత్రం చూసి మురిసిపోయి పడుకుంటాం. తెల్లారేసరికి ఒక పక్కనుంచి వరసగా వాలిపోయి వుంటాయి. దగ్గరగా చూస్తే ఆకు పచ్చగానే వుంటుంది. మట్టిని ఆనుకున్న చోట మాత్రం కాడ నీరుకారి, దారంలా సన్నబడి వుంటుంది. నారుకుళ్ళు తెగులు అంటారు దాన్ని. పిథియం, రైజోక్టోనియా అని పుస్తకాల్లో పెద్దపెద్ద పేర్లున్నాయి. మనకి అర్థమయ్యేట్టు చెప్పుకోవాలంటే కంటికి ఆనని బూజు జాతి. పాతమట్టిలోనూ, కుండీ అంచుకి అంటుకున్న వేరుపీచులోనూ నెలల తరబడి నిద్రపోతుంది. వానాకాలపు తేమ తగిలి, గింజలు ఒత్తుగా పడి, గాలి ఆడకపోతే నిద్రలేస్తుంది. ఒక్క పొద్దులో కుండీ అంతా ఊడ్చిపెట్టేస్తుంది.

ఇంతవరకూ తెగులు సంగతి. దాన్ని మనం పిలిచే పేరు మాత్రం అది కాదు. మనవాళ్ళు దాన్ని "హస్తవాసి" అంటారు. ఫలానావిడ చెయ్యి మంచిది, ఏం పాతినా బతుకుతుంది. ఫలానావిడ చెయ్యి పెడితే పచ్చటి చెట్టయినా మాడుతుంది... ఎన్ని వినలేదు!

మా మేనత్తకి ఇరవయ్యారో ఏటే భర్త పోయాడు. పుట్టింటికి వచ్చేసింది. తునిలో మా ఇంటి పెరటికి నీళ్ళు తోడేది ఆవిడ, కలుపు తీసేది ఆవిడ, కాయలు కోసేది ఆవిడ. విత్తనం వెయ్యడం మాత్రం మా పిన్నిది. విత్తు ముత్తైదువ చేత్తో పడాలన్నది మామ్మ మాట. ఒక్క ఏడు, పిన్ని పురిటికి వెళ్ళినప్పుడు, అదును దాటిపోతోందని అత్తయ్య టమాటా నారు పోసింది. నాకప్పుడు ఎనిమిదేళ్ళుంటాయేమో. నాలుగు కుండీలనిండా మొలిచింది. అయిదారు రోజులకి, ఒక్క రాత్రిలో, మొత్తం పడిపోయింది. మామ్మ కుండీల దగ్గర నిలబడి అరవలేదు, తిట్టలేదు. "నీకెందుకే తల్లీ ఇవన్నీ" అంది. అంతే. అత్తయ్య చీర కొంగుతో చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎన్నడూ విత్తనం ముట్టలేదు.

మరుసటేడు పిన్ని వేసింది. అవే కుండీలు, అదే మట్టి. అదీ పడిపోయింది. అప్పుడు మామ్మ ఏమందో తెలుసా? "ఈ ఏడు వానలెక్కువే" అంది! ఆ పై ఏడు మిరపనారు పడిపోతే దిష్టి అన్నారు. సధవ చేతిలో పోయిన నారుకి వానా దిష్టీ కారణం. విధవ చేతిలో పోయినదానికి చెయ్యే కారణం. కుండీ మాత్రం మూడేళ్ళూ గోడవార నిక్షేపంగా కూచుంది. దాన్ని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

అసలు చేతివల్ల నారు పాడవడం అన్నది వుందా అంటే, ఒక్క విషయంలో వుంది. పొగాకుకి వచ్చే మొజాయిక్ వైరస్ టమాటాకీ మిరపకీ కూడా వస్తుంది. ఎండిన పొగాకులో కూడా చావకుండా ఏళ్ళ తరబడి వుంటుంది. చుట్టో సిగరెట్టో నలిపిన వేళ్ళతో లేతనారు ముట్టుకుంటే దానికి అంటుకోవచ్చు. అందుకే నారు పనికి ముందు సబ్బుతో చేతులు కడుక్కోమంటారు. లోకంలో మొట్టమొదట వైరస్‌గా గుర్తించినదే ఇది. 1898లో బైజెరింక్ అనే హాలెండు శాస్త్రజ్ఞుడు దానికి ఆ పేరు పెట్టాడు. మా బాబాయి పూటకో పెట్టె కాల్చి, అదే చేత్తో మిరపమొక్కల చివుళ్ళు గిల్లేవాడు. ఆకులు మచ్చలు పడి ముడుచుకుపోయేవి. వాటికి వచ్చింది ఆ జబ్బేనని నేను సాక్ష్యం చెప్పలేను గాని, బాబాయి హస్తవాసి గురించి మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ మాట్లాడగా మాత్రం వినలేదు.

ఇది మన ఒక్క ఊరి కథే అనుకోకండి. వియన్నా నగరంలో పెద్ద ప్రసూతి ఆసుపత్రి వుండేది. అందులో రెండు వార్డులు. మంత్రసానులు పురుళ్ళు పోసే వార్డులో కంటే డాక్టర్లు పోసే వార్డులో బాలింతలు ఎక్కువగా పోయేవారు. ఆ వార్డులో వెయ్యొద్దని నిండుచూలాళ్ళు కాళ్ళావేళ్ళా పడేవారట. గాలి మంచిది కాదన్నారు, ఒంటి తత్వం అన్నారు. సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు అసలు సంగతి పట్టుకున్నాడు. శవాలు కోసిన చేతులతోనే డాక్టర్లు నేరుగా పురిటిమంచం దగ్గరకి వస్తున్నారు! 1847లో, సున్నంతో చేసిన క్లోరిన్ నీళ్ళలో చేతులు కడుక్కుంటేనే గాని లోపలికి రానివ్వనన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది పోయిన వార్డులో జూన్ నాటికి అది 2కి దిగింది. అయినా పెద్దడాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే తప్పు తమ చేతుల్లో వుందని ఒప్పుకోవాలిగా! ఆయన 1865లో పిచ్చాసుపత్రిలో పోయాడు. ఆ క్లోరిన్ సున్నానికి దగ్గరి చుట్టమే మన బ్లీచింగ్ పౌడరు.

విత్తనం మొలిచే చోటు కూడా పురిటిగదే కదండీ. బాలింత గదికి వేపాకు పొగ వేసి, పక్కబట్టలు ఉడకేసి, వచ్చేవాళ్ళని కాళ్ళు కడుక్కుని రమ్మనే మనం, గింజని మాత్రం కిందటేటి శవాల మధ్య పడుకోబెడుతున్నాం.

రెండేళ్ళ కిందట కడియపులంక వెళ్ళాను. తుని 2022లో కాకినాడ జిల్లాలోకి వచ్చేసింది, కడియం తూర్పు గోదావరిలోనే వుండిపోయింది. జిల్లాలు వేరైనా మొక్క కావాలంటే మాకు ఇప్పటికీ కడియమే. ఒక నర్సరీలో నలుగురైదుగురు ఆడవాళ్ళు కూచుని ట్రేల్లో కొబ్బరిపొట్టు నింపుతున్నారు. ట్రేకి 98 గుంటలు, గుంటకో బంతిగింజ. పక్కనే తొట్టిలో ఖాళీ ట్రేలు నానుతున్నాయి. కడిగే ఆవిడ నుదుట బొట్టు లేదు. కడగడం అయ్యాక ఆవిడే వచ్చి గింజలు వెయ్యడానికి కూచుంది. నాకు నోరూరుకోలేదు. "మీలో ఎవరి చెయ్యి మంచిదమ్మా?" అన్నాను. ఆవిడ తలెత్తకుండానే, "చెయ్యేం చేస్తదండీ అమ్మగారూ! ట్రే కడగాపోతే ఎవరేసినా నిలబడదండి. చెయ్యి కడుక్కుంటే సరిపోద్దండి" అంది. మామ్మ బతికి వుంటే ఆవిడ పక్కన ఓ పీట వేసి కూచోబెట్టేదాన్ని.

ఇక పని విషయానికి వద్దాం. మొదట కుండీ పొడిగా వున్నప్పుడే మట్టీ వేరుపీచూ గీకి దులిపెయ్యండి. తరవాత సబ్బునీళ్ళతో, కొబ్బరిపీచుతో లోపలా బయటా, అడుగు చిల్లులతో సహా తోమండి. ఈ రెండూ చెయ్యకుండా నేరుగా బ్లీచింగ్‌లో ముంచితే డబ్బు దండగ. మందు బలమంతా మట్టికే ఖర్చయిపోతుంది, తెగులుదాకా పోదు. మట్టికుండీ అంచున ఉప్పు పేరుకుంటే వెనిగర్ కలిపిన నీళ్ళలో నానబెట్టి రుద్దండి. రుద్దాక ఆ పులుపు పూర్తిగా పోయేదాకా కడగండి. బ్లీచింగూ వెనిగరూ ఒక్క బకెట్టులో ఎన్నడూ కలపకండి. విషవాయువు పుడుతుంది, ఊపిరికే ప్రమాదం.

తరవాత మందునీళ్ళు. సీసాలో దొరికే బ్లీచింగ్ ద్రావకమైతే ఒక వంతుకి తొమ్మిది వంతుల నీళ్ళు. పౌడరైతే, తాజాది, లీటరుకి 15 గ్రాములు కలిపి, తేరనిచ్చి, పైన తేట వాడుకోండి. ప్లాస్టిక్ ట్రేలకి పది నిమిషాలు చాలు, మట్టికుండీలకి అరగంట. మట్టికుండీని ముందుగా మామూలు నీళ్ళలో నానబెడితే మందు ఎక్కువ పీల్చుకోదు. పని ఆరుబయట చెయ్యండి, చేతులకి తొడుగులు వేసుకోండి, మంచి చీర కట్టుకోకండి. ఆ తరవాత వాసన పోయేదాకా రెండుమూడు నీళ్ళు మార్చి కడిగి, నిలువుటెండలో విడివిడిగా ఆరెయ్యండి. తడిమీద ఒకదాన్లో ఒకటి దూర్చారా, పడ్డ పాటంతా వృథా! పల్చటి ట్రేలమీద మరిగే నీళ్ళు పొయ్యకండి, అప్పడంలా వంకరపోతాయి. కుండీ కడిగాక అందులో పాతమట్టే పోస్తే స్నానం చేసి విడిచిన బట్ట కట్టుకున్నట్టే. కొబ్బరిపొట్టూ వానపాముల ఎరువూ కలిపి కొత్తగా నింపండి. గింజలు పల్చగా వెయ్యండి, నీళ్ళు పొద్దున్నే చిలకరించండి.

కిందటేడు ఇలాగే ఒక 98 గుంటల ట్రే కడిగి, ఎండబెట్టి, నింపి, అత్తయ్య ముందు పెట్టాను. ఆవిడకి ఇప్పుడు డెబ్భై దాటాయి. టమాటాగింజల పొట్లం చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఎందుకే, బంగారంలాంటి గింజలు పాడుచేసుకుంటావు" అంది. అదే ఇల్లు, అదే పెరడు. ఎవరో ఎప్పుడో అన్న మాటని ఆవిడ తన మాటగా చేసుకుని నలభై ఏళ్ళు మోసింది. ట్రేలు కడగడం తేలికండీ, అరగంట పని. ఇది ఏ నీళ్ళతో కడగాలి?

నేను వాదించలేదు. "నా కళ్ళజోడు కనపడటం లేదు అత్తయ్యా, ఈ గుంటల్లో ఒక్కోటి వేసిపెట్టు" అన్నాను. కళ్ళజోడు నా నెత్తిమీదే వుంది. ఆవిడ చూసింది, ఏమీ అనలేదు. గింజ తరవాత గింజ, నింపాదిగా, సాయంత్రందాకా వేసింది.

పదో రోజున వేలు పెట్టి తనే లెక్కపెట్టింది. తొంభైఒకటి మొలిచాయి, ఒక్కటీ పడిపోలేదు.

"మరి ఆ ఏడూ?" అన్నాను.

"పుచ్చుగింజలై వుంటాయి. కొట్టువాణ్ణి అడుగు" అంది అత్తయ్య, గట్టిగా.