బియ్యం బస్తా నడిచిన దారి

 

ఈసారి గోడపత్రికకి కథ గాని వ్యాసం గాని రాయమన్నారు. నాకు కథలు రావు. అందుకని రోజూ మన కంచంలోకి వచ్చే అన్నం గురించి రాస్తున్నాను.

భోజనాల గది గోడ మీద "అన్నం పరబ్రహ్మ స్వరూపం" అని పెద్ద అక్షరాలతో రాసుంది. ఆ అన్నం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఎక్కడా రాసి లేదు. ఎవర్నడిగినా "గవర్నమెంటోళ్లు ఇస్తున్నారు" అంటారు. గవర్నమెంటు పొలం దున్నదు కదా, మరెలా ఇస్తుంది? తెలిసినవాళ్లని అడిగి, చదివి తెలుసుకున్నది ఇది.

కింద మైదానంలో రైతు పండించిన ధాన్యాన్ని ప్రభుత్వం మద్దతు ధరకి కొంటుంది. ఆ ధాన్యం మిల్లుకి పోతుంది. వంద కిలోల ధాన్యం ఆడిస్తే మిల్లువాళ్లు 67 కిలోల పచ్చి బియ్యం తిరిగి అప్పజెప్పాలని లెక్క. ఆ బియ్యం పౌరసరఫరాల సంస్థ గోదాముకో, 1965లో పెట్టిన భారత ఆహార సంస్థ గోదాముకో చేరుతుంది. అక్కడి నుంచి మండలంలో ఉండే గోదాముకి, ఆ తర్వాత లారీలో ఘాట్ రోడ్డెక్కి మన దగ్గరికి వస్తుంది. పగటి బడుల మధ్యాహ్న భోజనానికి ఒక కోటా, మనలాంటి హాస్టళ్లకి వేరే కోటా ఉంటుంది. ఏ కోటాదైనా బస్తా చాలాసార్లు లారీ ఎక్కి దిగుతుంది. దిగిన ప్రతిచోటా ఒక కాటా, ఒక కాయితం, ఒక సంతకం ఉండాలి.

మా ఇంట్లో మూడు తరాలవాళ్లం బడి తిండి తిన్నాం. కానీ మూడూ ఒకటి కాదు.

మా తాత చదివింది మూడో తరగతి వరకే. 1960ల మాట అది. అప్పుడు అమెరికా తన దగ్గర మిగిలిన ధాన్యాన్ని 1954లో చేసిన పి.ఎల్. 480 చట్టం కింద వేరే దేశాలకి పంపేది. కేర్ అనే సంస్థ ద్వారా మన దేశంలో బడిపిల్లలకి కూడా ఆ తిండి అందేది. పసుపచ్చ నూక ఉప్మా, వేణ్ణీళ్లలో కలిపిన పాలపొడి ఇచ్చేవారని తాత చెబుతాడు. సంచి మీద రెండు చేతులు కలిపిన బొమ్మ ఉండేదట. "రాకపోతే అడిగేవారా తాతా?" అన్నాను. "వచ్చిన్నాడు తిన్నాం. రాన్నాడు అడగడానికి అది మనదా?" అన్నాడు.

మా అయ్య చదివే రోజులకి అది మన దేశం బియ్యమే అయింది. 1995 ఆగస్టు 15న కేంద్ర ప్రభుత్వం ప్రైమరీ బడులకి పథకం పెట్టింది. కానీ చాలా రాష్ట్రాల్లో వండి పెట్టలేదు. నెలకి 80 శాతం హాజరుంటే పిల్లకి 3 కిలోల గింజలు ఇచ్చేవారు. అయ్య గుడ్డ సంచిలో ఆ బియ్యం ఇంటికి తెచ్చేవాడట. ఇంట్లో ఆరుగురు. మూడు కిలోలు రెండురోజులకి చాలేవి. మూడోరోజు నుంచి మళ్లీ చోడి అంబలే. పిల్లాడి పేరున వచ్చిన బియ్యంలో పిల్లాడి వాటా అరకిలో.

2001లో రాజస్థాన్ లో కరువొచ్చింది. ఒకపక్క గోదాముల్లో గింజలు పేరుకుపోయి ఉన్నాయి, ఇంకోపక్క జనం పస్తులుంటున్నారు. ఇదేం న్యాయం అని పి.యు.సి.ఎల్. అనే పౌరహక్కుల సంఘం సుప్రీంకోర్టుకి వెళ్లింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు, ప్రైమరీ బడుల్లో గింజలు కాదు, వండిన అన్నమే పెట్టాలని ఆర్డరు వేసింది. రోజుకి కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలని, ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలని చెప్పింది. మన రాష్ట్రంలో 2003 జనవరి నుంచి వండి పెట్టడం మొదలయింది. 2013లో వచ్చిన ఆహార భద్రత చట్టంలో ఎనిమిదో తరగతి దాకా పిల్లల బడి భోజనాన్ని రాశారు. అంటే తాత తిన్నది దానం, అయ్య తెచ్చింది పథకం, మా తమ్ముడు ఊరి బడిలో తింటున్నది చట్టం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 2022లో నేను వేరే బడిలో ఏడో తరగతి. ఒకరోజు లారీ వచ్చి బస్తాలు దించుతున్నారు. మాకు వంట చేసే పిన్ని కాటా వెయ్యమంది. వచ్చినాయన నవ్వి "ఊరికే వచ్చిన బియ్యానికి కాటా ఎందుకమ్మా, సంతకం పెట్టించెయ్" అన్నాడు. పిన్ని కదల్లేదు. "నీకు ఊరికే వచ్చింది గావాల బాబూ. రేపు కుండలో తక్కువైతే పిల్లలు అడిగేది నన్నే" అంది. చివరికి కాటా వేశారు. 50 కిలోలు ఉండాల్సిన బస్తా గోనె బరువు తీసేస్తే 47 వచ్చింది. ఇంకోటి 48.

ఎక్కడ తగ్గిందో మేం చూడలేదు. హమాలీల కొక్కెం తగిలి గోనె చిరిగి కారిపోవచ్చు. తేమ ఆరిపోయినా తూకం తగ్గుతుంది. మరోలాగా తగ్గొచ్చు. కానీ మూడు కిలోలంటే ఎంత? ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లకి మధ్యాహ్న భోజనం లెక్క 150 గ్రాముల బియ్యం. అంటే 20 మంది ఒక పూట అన్నం. పది బస్తాల్లో అలాగే తగ్గితే 200 మందిది. కాటా వెయ్యకపోతే ఆ 200 కంచాలు కాయితం మీద ఉంటాయి, గదిలో ఉండవు. ఆ రోజు పిన్ని తూకం ఎంతుందో అంతే పుస్తకంలో రాయించింది. పిన్నికి సంతకం రాదు, వేలిముద్ర వేస్తుంది. అయినా అన్ని సంతకాల కంటే ఆవిడ మాటే గట్టిది.

దారి తెలియకపోతే ఇంకో నష్టం కూడా ఉంది. ఆ ఏడాదే బియ్యంలో కొన్ని గింజలు వేరుగా కనపడితే ప్లాస్టిక్ బియ్యం అని పుకారు లేచింది. కొందరు ఆ గింజలు ఏరి పారేశారు. కొందరు అన్నమే మానేశారు. తర్వాత సైన్సు సారు చెప్పారు. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 విటమిన్ కలిపి గింజల్లా చేస్తారట. మామూలు బియ్యం వంద కిలోలకి అవి ఒక కిలో కలుపుతారట. రక్తహీనత తగ్గడానికని 2021లో కేంద్రం ప్రకటించిన బియ్యం అది. బస్తా దించినరోజే ఎవరైనా ఈ ముక్క చెప్పుంటే ఏ పిల్లా పస్తుండేది కాదు.

2025 జూన్ లో బడులు తెరిచినప్పటి నుంచి సన్నబియ్యం 25 కిలోల సంచుల్లో వస్తోంది. సంచి చిన్నదైంది కాబట్టి కాటా వెయ్యడం ఇంకా తేలిక.

అందుకని వార్డెన్ గారికి ఒక మనవి. సరుకు దిగే రోజు భోజన కమిటీ నుంచి ఇద్దరు పిల్లల్ని కాటా దగ్గర నిలబడనివ్వండి. ఎన్ని సంచులు వచ్చాయి, ఎంత తూగాయి అన్నది వంటగది తలుపు పక్కన పలక మీద సుద్దతో రాయించండి. ఎవరి మీదా అనుమానంతో అడగటం లేదు. రైతు దగ్గర నుంచి ఘాట్ రోడ్డు దాకా ఇంతమంది తూచి పంపిన బియ్యం ఇది. తినేవాళ్లం మనం కాబట్టి, చివరి కాటా మన కళ్లముందు పడాలి.