చిన్నబడి ‘మే’

గల్ఫ్ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది దుబాయ్. మా బహ్రెయిన్ చిన్న ద్వీపం, సౌదీకి పాతిక కిలోమీటర్ల వంతెన ఒకటి ఉంది. ఇక్కడి తెలుగువాళ్ళలో నాలాంటి ఐ.టి. వాళ్ళూ ఉన్నారు, జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి కట్టుబడి పనికీ, డ్రైవర్లుగా, ఇంటిపనికీ వచ్చినవాళ్ళూ ఉన్నారు. మా పిల్లలకి ఇంగ్లీషు గ్రామర్ చెప్పడానికి 1950లో మొదలైన ఇండియన్ స్కూల్ ఉంది. పెద్దవాళ్ళకి సల్మాబాద్‌లో ఓ మిత్రుడి గదిలో శుక్రవారం పొద్దున రెండు గంటలు నేను చెబుతాను.

కొత్తగా నేర్పేదేమీ లేదు. చాలామంది బళ్ళో ఇంగ్లీషు చదివి, పదో తరగతిలో ఆగిపోయినవాళ్ళే. పది పాస్ కాకపోతే పాస్‌పోర్టు ‘ఈ.సి.ఆర్.’ అవుతుంది. బహ్రెయిన్‌తో కలిపి 18 దేశాలకి పనికెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అందుకే మాది తిరగేసుకునే క్లాసు: చదవడం, గ్రామర్, రాయడం.

చదవడానికి జీతం చీటీయే వాచకం. దినారుకి వెయ్యి ఫిల్సులు కాబట్టి చుక్క తర్వాత మూడంకెలు ఉంటాయి. 110.500 అంటే నూట పది దినార్ల అయిదొందల ఫిల్సులు. గ్రామర్ దగ్గర కొంచెం నవ్వులుంటాయి. ‘అతను డ్రైవర్’ అంటే మనకి వాక్యం అయిపోయింది, ఇంగ్లీషుకి మధ్యలో ‘ఈజ్’ కావాలి. మనకి ‘మేము’, ‘మనం’ రెండుంటే వాళ్ళకి ‘వి’ ఒక్కటే. “సూపర్‌వైజరు ‘వి విల్ సీ’ అంటే అండ్ల మనం ఉన్నట్టా, లేనట్టా సార్?” అని అడిగాడొకాయన.

ఓ శుక్రవారం పెద్దబడి, చిన్నబడి అక్షరాలు తిరగేశాం. మనుషుల పేర్లు, ఊళ్ళు, వారాలు, నెలలు పెద్దబడితో మొదలవ్వాలని చెప్పాను. జగిత్యాల నుంచి వచ్చిన మేస్త్రీ ఒకాయన, యాభై దాటినవాడు, జేబులోంచి తన ఒప్పంద పత్రం జిరాక్స్ తీశాడు. ‘ఎయిర్ టికెట్ మే బి ప్రొవైడెడ్’ అన్న చోట వేలు పెట్టి, “సార్, గిది చిన్నబడిల ఉన్నది. నెల పేరైతే పెద్దబడి ఉండాలె గద?” అన్నాడు.

నెల కాదన్నాను. ఆయన కాగితం మడతపెట్టాడు.

“మే నెలల టికెట్ ఇస్తరనుకున్న సార్. రెండు మేలు సూసిన.”

ఎవరూ నవ్వలేదు.

బోర్డు మీద ‘షల్’, ‘మే’ పక్కపక్కన రాశాను. షల్ అంటే ఇచ్చి తీరాలి. మే అంటే ఇస్తే ఇవ్వొచ్చు, లేకపోతే లేదు. మా వృత్తిలో ఇది మొదటి పాఠం. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు ఈ మాటల తేడా చెప్పడానికే 1997లో ఆర్.ఎఫ్.సి. 2119 అని ఓ పత్రం రాసుకున్నారు. యంత్రాల కోసం తీసుకున్న ఆ జాగ్రత్త మనుషుల సంతకాల దగ్గర ఎందుకుండదో!

టికెట్ సంగతి అలా ఉన్నా సెలవు మాత్రం హక్కే. ఏడాది సర్వీసు నిండిన ఉద్యోగికి ఏటా కనీసం 30 రోజులు జీతంతో సెలవివ్వాలని 2012 నాటి బహ్రెయిన్ కార్మిక చట్టం చెబుతోంది. ఆ రోజు రాయడంలో పాఠం అదే అయింది. లీవ్ లెటర్ అనగానే అందరికీ ‘సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ నోటికొచ్చింది. “జెరం లేకుంట లీవెట్ల అడుగుతం సార్?” అన్నాడు మేస్త్రీ. అడగొచ్చన్నాను. అయిదు వాక్యాలు ఆయనే రాశాడు. కూతురి పెళ్ళి తారీఖు, పనిలో చేరిన తారీఖు, కావలసిన రోజులు. నేను ఒక్క ‘ఈజ్’ మాత్రం చేర్చాను.

సెలవిచ్చారు. టికెట్ ఆయనే కొనుక్కున్నాడు. తిరిగొచ్చాక కంపెనీ కొత్త ఒప్పంద పత్రం చేతికిస్తే, సంతకానికి ఒక రోజు గడువడిగి క్లాసుకి తెచ్చాడు. అప్పటికే పెన్సిల్‌తో ‘మే’ల కింద గీతలు గీసున్నాయి. మొత్తం మూడు. వాటిలో ఏది మార్చమని అడగాలో, ఎలా అడగాలో రాయడం ఆ వారం పాఠం.