తోలు మందం లేనోళ్లు ఉద్యమానికి పనికిరారా?



పోయిన వారం కోరుట్ల చెల్లె ఒకామె ఇన్‌బాక్స్‌ల రాసింది. జగిత్యాలల డిగ్రీ చదువుతది, రెండేండ్ల నుంచి మన మీటింగులకు వస్తున్నది. "అన్నా, గ్రూపుల దాడి వీడియో వచ్చిందంటే మూడు రోజులు నాకు అన్నం పోదు, నిద్ర పట్టదు. మిగతోళ్లు చూసి, తిట్టి, షేర్ చేసి చాయ్ తాగొస్తరు. నాకు ఆ మనిషి మొఖమే యాదికొస్తది. నేను ఉద్యమానికి పనికిరానేమో" అన్నది. ఆమెను అడిగే ఇది రాస్తున్న. ఎందుకంటే ఈ మాట బయటికి అనకుండనే మీటింగులకు రావుడు బంద్ చేసినోళ్లు నాకు చానమంది తెలుసు.

ఇసొంటి స్వభావానికి ఇంగ్లీషుల ఒక పేరున్నది, హైలీ సెన్సిటివ్ పర్సన్ అని. ఎలేన్ ఆరాన్ అనే అమెరికా సైకాలజిస్టు 1996ల అదే పేరుతోటి పుస్తకం రాసింది. జనంల 15 నుంచి 20 శాతం మంది ఇట్ల ఉంటరని ఆమె లెక్క. చప్పుడు, వెలుతురు, ఎదుటి మనిషి దుఃఖం, గొంతుల చిన్న మార్పు, అన్నీ వీళ్లకు లోతుగ తాకుతయి, తాకినంక తొందరగ వదలయి. ఇది జబ్బు కాదు, పుట్టుకతోటి వచ్చే గుణం అంటది. మన దిక్కు దీనికి మాట లేదా? ఉన్నది. "పిల్ల మనసు మెత్తన" అంటరు. కాని ఆ మాట పెండ్లి సంబంధం చూసేటప్పుడు మెచ్చుకోలు, సంఘంల పనులు పంచుకునేటప్పుడు తప్పు.

ఆ పుస్తకాలు చెప్పే ఉపాయాలు అందరికి తెలిసినయే. నిశ్శబ్దంగ ఉండే గదిల కొంచెం సేపు ఒంటరిగ ఉండు, చప్పుడున్న జాగలకు తక్కువ పో, వద్దనిపిస్తే వద్దను. మంచి మాటలే. కాని గది ఏడిది? సిరిసిల్లల సాంచాల మధ్య బతికేటోళ్లను అడుగుండ్రి. ఆ చప్పుడుకు మాట వినరాక కార్మికులు చేతి సైగలతోటి మాట్లాడుకుంటరు. ఎస్సీ హాస్టల్ల ఒక్క హాలుల పెట్టెలు పక్కపక్కన పెట్టుకొని పండిన పోరనికి ఒంటరితనం అంటే పొద్దుగాల ఐదింటికి నీళ్ల ట్యాంకు మీద దొరికే పావుగంట. ఇగ "వద్దను" అనేది ఎవరి ముంగట అనాలె? దొర ముంగట అంటే కూలి పోతది, సార్ ముంగట అంటే ఇంటర్నల్ మార్కులు పోతయి.

ఇంకోటి ఆ పుస్తకాలల్ల లేదు. మన పిల్లలకు ఎదుటోళ్లను కనిపెట్టుడు పుట్టుకతోటే రావాల్సిన పని లేదు, కులం నేర్పుతది. "మీ ఇల్లు ఏ దిక్కు?" అని అడిగినోని గొంతు, జవాబు విన్నంక ఎట్ల మారిందో అరసెకండుల పట్టుకుంటం. నీళ్లు ఏ గిలాసల ఇచ్చిండ్రు, పైనుంచి పోసిండ్రా, చేతికిచ్చిండ్రా? ఆరేండ్ల పిల్లకు గుడ ఇది తెలుస్తది. మనల మెత్తని మనసున్నోళ్లు కొందరే, ఈ ట్రైనింగు మాత్రం అందరికి అయింది. రెండూ ఒక్క మనిషిల కలిస్తే ఏ రూముకు పోయినా నాలుగు దిక్కుల నుంచి సిగ్నళ్లు వచ్చినట్టే ఉంటది. దినమంతా గట్ల ఉండుడు ఎంత అలసటో అనుభవించినోళ్లకే తెలుసు.

ఈ రెంటిని వేరు చేసుడే అసలు పని అని నా అభిప్రాయం. కలిపితే ఏమైతదో మనం చూసినం. 2016 జనవరి 17న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీల రోహిత్ వేముల మనకు లేకుండ పోయిండు. అది సంస్థ చేసిన హత్య అని మనం అన్నం. సర్కారు వేసిన రూపన్‌వాల్ కమిషన్ వ్యక్తిగత నిరాశే కారణమని రాసింది. సస్పెన్షన్, హాస్టల్ నుంచి వెళ్లగొట్టుడు, చలిల ఆరుబయట పండుడు, అన్నీ పక్కకు పోయి ఒక పోరని మనసే ముద్దాయి అయింది. అందుకే మనోళ్లు మనసు మాట ఎత్తాలంటేనే జంకుతరు. ఎత్తితే వాళ్ల చేతికి కట్టె ఇచ్చినట్టని. ఆ జంకు నాకు అర్థమైతది. కాని దాని ఖరీదు మన పిల్లలు కడుతున్నరు.

నేనైతే ఒక ప్రశ్న వేసుకుంట. ఈ జాగల తోలు మందం ఉన్నోడు నిలబడ్డా దెబ్బ తగులుతదా? తగిలితే అది దెబ్బ, నా స్వభావం కాదు. మెస్సుల కులం పేరు పెట్టి నవ్విండ్రు అనుకోండ్రి. దానికి ధ్యానం, డైరీ మందు కాదు. సాక్షులను పిలువు, తారీఖు రాసుకో, కంప్లైంట్ పెట్టు, 1989 చట్టం ఉన్నది. అదే పెండ్లిల డీజే చప్పుడుకు తల పగిలిపోతున్నది, మిగతోళ్లు ఆడుతున్నరు అంటే అది నీ ఒంటి సంగతి. లేసి బయటికి రా, ఎవ్వనికి సంజాయిషీ ఇయ్యకు. అన్యాయానికి విశ్రాంతి మందు చేస్తే మనల్ని మనమే నిందించుకుంటం. అలసటకు పోరాటం మందు చేస్తే నలభై ఏండ్లకే బీపీ గోళీలు. రెండూ ఒక్కసారి ఉండే రోజులూ ఉంటయి. అప్పుడు ముందుగాల నిద్ర, తెల్లారి కంప్లైంట్.

బాబాసాహెబ్ సంగతి చూడుండ్రి. కొలంబియాల చదివొచ్చి బరోడా సంస్థానం కొలువుకు పోతే ఉండనీకె ఇల్లు దొరకలే. పేరు మార్చుకొని పార్సీల సత్రంల దిగిండు. పదకొండో రోజు కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిండ్రు. రాత్రి రైలు వచ్చేదాక తోటల కూసున్నడు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'ల ఇదంతా చెప్పి, పద్దెనిమిదేండ్లు గడిచినా యాదికొస్తే కండ్లల్ల నీళ్లొస్తయని రాసుకున్నడు. ఆ మాట రాసేనాటికి ఆయన మహద్ చెరువు పోరాటం నడిపిండు, లండన్ల రౌండ్ టేబుల్ సమావేశాలల్ల కొట్లాడి వచ్చిండు. కన్నీళ్లు ఆగినంకనే పోరాటం మొదలుపెడతా అనుకోలే. పెద్దవయసుల వయొలిన్ గుడ నేర్చుకున్నడు. మన సంఘంల ఎవడన్న వయొలిన్ క్లాసుకు పోతా, మీటింగుకు రాను అంటే ఏమంటమో మీకు తెలుసు.

ఇగ సంఘాల సంగతి. 1978ల జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగ ప్రకటించిండ్రు. ఈ నేల మీద ఉద్యమం అంటే గుండె రాయి చేసుకునుడు అనే పాఠం మనకు పెద్దోళ్ల నుంచి వచ్చింది. వాళ్ల కాలానికి అది అవసరమేమో, నేను తీర్పు చెప్ప. కాని 2017 జూలైల సిరిసిల్ల కాడ నేరెళ్ల సంగతి యాది చేసుకోండ్రి. ఇసుక లారీ ఢీకొని మనిషి చనిపోయిండు, జనం లారీలు తగలవెట్టిండ్రు, పట్టుకపోయినోళ్లు పోలీసులు థర్డ్ డిగ్రీ పెట్టిండ్రని చెప్పిండ్రు. అసొంటి జాగలకు పోయి వాంగ్మూలాలు రాసుకొచ్చే మన పిల్లలను "నీకెట్లున్నది?" అని ఎవరన్న అడుగుతరా? రిపోర్టు ఎప్పుడిస్తవ్ అని అడుగుతరు.

మా దగ్గర ఇప్పుడు కొన్ని పద్ధతులు పెట్టుకున్నం. నిజనిర్ధారణకు ఇద్దరు తక్కువ పోవద్దు. ఒకరు వింటే ఒకరు రాస్తరు, సగం కాడ మారుతరు. తిరిగొచ్చేటప్పుడు తొవ్వల ఆగి తినాలె, ఆ గంట కేసు ముచ్చట వద్దు. పోయొచ్చినోళ్లను అదే వారం ఇంకో ఊరికి పంపం. గ్రూపుల దాడి వీడియో నేరుగ పెట్టొద్దు, ఏమైందో రెండు లైన్లల్ల రాయాలె. కేసుకు వీడియో కావాలంటే దాన్ని భద్రపరిచే పని ఒక్కరికే. చూడనంటే చూడమని ఒత్తిడి లేదు. దీంతోటి పని తగ్గిందని కొందరు సీనియర్లు గొణుగుతున్నరు. నా లెక్కల మనుషులు తగ్గుడు ఆగింది.

ఇది ఉత్త దయ కాదు. ఇంగ్లండుల బాగ బీద బస్తీ బడిల పదకొండేండ్ల ఆడపిల్లలకు డిప్రెషన్ రాకుండ క్లాసులు పెట్టిండ్రు. మైఖేల్ ప్లూస్ అనే పరిశోధకుడు, ఇంకొకామె కలిసి 2015ల దాని ఫలితం ప్రచురించిండ్రు. క్లాసులతోటి నిలిచిన లాభం సున్నిత స్వభావం ఎక్కువున్న పిల్లలకే కనిపించింది, తక్కువున్నోళ్లల్ల కనపడలే. అంటే చెడు ఎక్కువ తాకినోళ్లకు మంచి గుడ ఎక్కువ తాకుతది. కోరుట్ల చెల్లెకు నేను రాసిన జవాబుల సగం ఇదే.

ఆఖరుకు ఒక చేదు ముచ్చట. మన ఉత్తర తెలంగాణ ఊర్లల్ల కల్తీ కల్లుల కలిపే అల్ప్రజోలం అసలుకు ఆందోళనకు డాక్టర్లు రాసే గోళీ. సావుకు డప్పు కొట్టి వచ్చిన తాత, దుబాయి నుంచి కొడుకు పెట్టె వచ్చిన తండ్రి, బీడీలు చుట్టి చుట్టి మెడ పడిపోయిన అమ్మ, వీళ్లకు చీటీ లేకుండ, మోతాదు లేకుండ అందిన మానసిక వైద్యం అదొక్కటే. మీరు ఆ తొవ్వ పట్టకుండ్రి. జగిత్యాలల 2022 నుంచి, సిరిసిల్లల 2023 నుంచి సర్కారు మెడికల్ కాలేజీలు నడుస్తున్నయి, దవాఖానకు పోయి మానసిక డాక్టర్ ఎవరని అడుగుండ్రి. 2017 చట్టం ప్రకారం సర్కారు దవాఖానల మానసిక వైద్యం మన హక్కు. రాత్రిపూట మనసు ఆగకపోతే టెలీ మానస్ 14416, పైసలు పడయి, తెలుగుల మాట్లాడతరు. మొదటిసారి ఫోన్ చేయనీకె ఇబ్బంది అనిపిస్తే పక్కన ఒకరిని కూసోబెట్టుకోండ్రి. ఎవ్వరు లేకపోతే నాకు రాయండ్రి, నేను కూసుంట.

వచ్చే ఆదివారం హాస్టల్ వార్డెన్ల ముచ్చట.

జై భీమ్.