సంధికార్యం

కోనసీమలోని మా మండువా ఇంటిని బాగుచేయిస్తూ, “ట్రాన్సిషనల్ శైలి, నాన్నగారూ! పాతకూ కొత్తకూ సంధి” అన్నాడు అబ్బాయి. ఉత్వసంధిలో ముందున్న అచ్చు లోపించి వెనుకటిదే నిలుస్తుందని ముప్పయ్యేళ్ళు పాఠం చెప్పినవాణ్ణి, భయపడ్డాను.

లేతరంగు గోడలు, నగిషీ లేని సోఫాలు, వాటి పక్కనే అమ్మ భోషాణం బాగానే అమరాయి. మండువా చుట్టూ వసారా విశాలం కనుక, ఆసనాలను గోడలకు చేర్చక, మాట అందేంత దూరంలో రెండు గుంపులుగా వేయించాడు. అది మెచ్చుకోదగినదే. టేకు స్తంభాలకు రంగు పూయవద్దంటే సరేనన్నాడు.

మండువాకు అద్దపు కప్పు వేయిస్తాననడంతోనే తగవు. ఆ చూరునీటి కింద అమ్మ గంగాళం పెట్టేది.

“జల్లుకు సోఫాలు తడుస్తాయండీ.”

“అయితే వాటినే వెనక్కి జరుపు.”

నిన్న వాన కురిసింది. సోఫాలు మూడడుగులు జరిగాయి. కప్పు సంగతి ఇంకా తేలలేదు.