తొండం చెరగని రూపాయి

తెనాలిలోని ఒక పాత ఇంట్లో, పెద్దావిడ కన్నుమూసిన ఏడాది తరువాత, ఆమె ట్రంకుపెట్టె అడుగున ఒక రేకు డబ్బా దొరికింది. అందులో నాలుగు వెండి రూపాయలు. ఒక్కొక్కదాని మీద రాజు ముఖాన్ని కప్పుతూ, గాయాలకు అంటించే గుడ్డ ప్లాస్టరు ముక్క. దాని మీద బాల్‌పాయింటు కలంతో మనుమడి పేరో, మనుమరాలి పేరో రాసి ఉన్నది. వీలునామా సంగతి ఆమెకు తెలియదు. తన ఆస్తిని ఆమె ఆ విధంగా పంచింది.

మనుమడు తొందరపడ్డాడు. తన రూపాయి మీది ప్లాస్టరును చర్రున లాగి పారవేశాడు. గుడ్డ ఊడివచ్చింది గాని, దుమ్ము పట్టి నల్లబడిన జిగురు రాజు ముఖాన్ని వదలలేదు. ఇత్తడి చెంబులు తోమినట్లే చింతపండు, ఇటుక పొడి కలిపి రుద్దాడు. అరగంటలో నాణెం తళతళలాడింది. కాని దాని ఒళ్లంతా సన్నని గీతలు. కిరీటం మీది రాళ్లు, అంగీ మీది అల్లికలు మొద్దుబారిపోయాయి.

"కొత్తదానిలా ఉంది చూడవే" అన్నాడు చెల్లెలితో.

"కొత్తదానిలానే ఉందన్నయ్యా, నాయనమ్మదిలా లేదు" అన్నది ఆమె.

ఆమె తన రూపాయిని తిప్పి సంవత్సరం చూసింది. 1911. ఆ అంకెకు ఒక కథ ఉన్నది. ఆ ఏడు ఐదవ జార్జి బొమ్మతో అచ్చయిన రూపాయి మీద, రాజు ధరించిన అంగీపై ఒక చిన్న ఏనుగు ఉంటుంది. దాని తొండం మరీ పొట్టిగా ఉండడంతో చూసినవారికి అది పందిలా కనిపించింది. ముస్లిములు తమ మతానికి అవమానమని ఆగ్రహించారు. ప్రభుత్వం ఆ నాణేలను వెనక్కు తీసుకొని, 1912 నుంచి తొండం స్పష్టంగా కనిపించేలా అచ్చును మార్చింది. నాణేలు సేకరించేవారు 1911 నాటి దానిని 'పంది రూపాయి' అంటారు. ఆ ఏనుగు నువ్వుగింజ కంటె పెద్దది కాదు. చరిత్ర అంతా అంత చోటులోనే ఉన్నది. ఇటుక పొడికి అది ఒక్క పూట పని.

రసాయన శాస్త్రం బోధించే స్నేహితురాలిని ఆమె సలహా అడిగింది. వచ్చిన సమాధానం చిన్నది: జిగురును రుద్దకూడదు, కరిగించాలి. కరిగించేది అసిటోన్. అది జిగురును కరిగిస్తుంది గాని వెండిని తాకదు. కాలక్రమాన వెండి మీద ఏర్పడిన నల్లని పూతను సైతం తీయదు. అయితే బాల్‌పాయింటు సిరాను కూడ కరిగిస్తుంది. కాబట్టి ముందు రక్షించుకోవలసింది నాణేన్ని కాదు, ఆ గుడ్డ ముక్కను.

ఆమె గోరువెచ్చని నీటిలో నాణేన్ని నానబెట్టి, గుడ్డ అంచు మెత్తబడిన తరువాత వేలితో మెల్లగా ఎత్తింది. పేరు చెదరకుండా గుడ్డ వచ్చింది. దానిని కాగితం మీద ఆరబెట్టి, నాణేన్ని మెత్తని బట్టతో అద్ది తడి లేకుండా చేసింది.

అసిటోన్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. అందుచేత వంటగదిలో గాని, దీపం, అగరువత్తి వెలుగుతున్న చోట గాని ఆ పని చేయరాదు. కిటికీలు తెరచి, పిల్లలను దూరంగా పంపి, మూత ఉన్న గాజు గిన్నెలో నాణెం మునిగేంత పోసింది. ప్లాస్టిక్ గిన్నె అయితే అదే కరిగిపోవచ్చు. గోళ్ల రంగు తుడిచే ద్రవంలో సువాసనలు, నూనెలు కలిసి ఉంటాయి గనుక శుద్ధమైన అసిటోనే తెప్పించింది. గంట తరువాత జిగురు మబ్బులా విడిపోయింది. మిగిలిన దానిని దూది చుట్టిన పుల్లను ఒత్తకుండా దొర్లించి తీసింది. మరొక గిన్నెలోని కొత్త అసిటోన్‌లో మరొకసారి ముంచి, అంచులు పట్టుకొని బయటకు తీసి ఆరనిచ్చింది.

పొట్టి తొండంతో ఏనుగు బయటపడింది. దాని చుట్టూ నలుపు అలాగే ఉన్నది. ఆమె దానిని ముట్టుకోలేదు.

ఆనాటి రూపాయి బరువు 11.66 గ్రాములు, పన్నెండు పాళ్లలో పదకొండు వెండి, మిగిలినది రాగి. మెత్తని పీవీసీ సంచులలో దాచిన నాణేల మీద కొన్నేళ్లకు పచ్చని జిడ్డు ఊరడానికి ఆ రాగే కారణం. సంచి నుంచి వెలువడేవి దానితో కలుస్తాయి. ఆ జిడ్డుకూ అసిటోనే మందు, ఆలస్యమైతే లోహమే తినివేయబడుతుంది. రబ్బరు బ్యాండులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. అందుచేత ఆమె రూపాయిని ఆమ్లం లేని కాగితపు కవరులో పెట్టి, పేరున్న గుడ్డను వేరొక కవరులో జతచేసింది.

అన్న చాలాసేపు చూశాడు. మిగిలిన రెండు రూపాయలనూ, పినతండ్రి పిల్లలవి, మాట్లాడకుండా చెల్లెలి ముందుకు జరిపాడు. తరువాత పెరట్లోకి వెళ్లి చెత్తబుట్ట వెదికాడు. అది అప్పటికే ఖాళీ అయింది.

అతని రూపాయి నేటికీ తళతళలాడుతూనే ఉన్నది. దాని మీద అతని పేరు నాయనమ్మ రాసిందని చెప్పేందుకు ఇప్పుడు అతని మాట తప్ప మరేదీ లేదు.